పులిహోర పరీక్ష

ఇందులో ప్రతి అక్షరం నిజం. ఇరవై రెండేళ్ళు నన్ను కొండలెక్కించిన నా కుడి మోకాలి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఎడమ మోకాలి మీద వెయ్యను. దాన్ని తీసేసి డాక్టర్లు లోహంది పెట్టారు. దానికి నా గురించి ఏమీ తెలియదు.

నన్నెరిగినవాళ్ళు ఇప్పటికే నవ్వుతుంటారు. హామిల్టన్‌లో మా మేనకోడలి ఇంట్లో నేను ఎలుగుబంటి సంగతి ఎత్తగానే ఆమె తొమ్మిదేళ్ళ కూతురు "లాస్ట్ టైమ్ ఇట్ వాజ్ ఓన్లీ వన్ బేర్, తాతా" అంటుంది. ఆ పిల్లకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఎలుగుబంట్ల సంఖ్య మారవచ్చు, ఒట్టు మారదు.

కొండదారుల్లో జనాన్ని నడిపించే గైడు పనిలోకి కొత్తగా వస్తున్న మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ సర్టిఫికెట్ ఎప్పుడొచ్చింది, ఏ లెవెల్‌కు ఎప్పుడు ఎక్కాను అన్నవి ఇందులో ఉండవు. అవి నేను పాఠాలు చెప్పిన కాలేజీ వెబ్‌సైట్లో దొరుకుతాయి. అక్కడ దొరకనివి కొన్ని ఉన్నాయి, అవి చెబుతాను.

గురువారం దాకా

నేను కాకినాడవాణ్ణి. సముద్రానికి బెత్తెడు ఎత్తున పుట్టి పెరిగినవాణ్ణి. హామిల్టన్ వచ్చి స్టీలు ఫ్యాక్టరీలో క్రేను నడిపేవాణ్ణి. ముప్పై అయిదో ఏట ఒక వేసవిలో సెలవు పెట్టి, కొండలు చూసి వారంలో వచ్చేద్దామని రైలెక్కి పడమటికి వెళ్ళాను. బ్రిటిష్ కొలంబియాలో ఒక చిన్న స్టేషన్లో టీ కోసం దిగితే రైలు వెళ్ళిపోయింది. మళ్ళీ రైలు మూడు రోజులకు గాని లేదు.

స్టేషన్ బయట ఒకావిడ వ్యాన్లోకి పిండి బస్తా ఎక్కిస్తోంది. పొట్టిగా, సన్నగా ఉంది, యాభై ఏళ్ళుంటాయి. బస్తా జారితే నేను పట్టుకున్నాను. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసి, "గురువారం దాకా ఖాళీయేనా?" అని అడిగింది. ఖాళీయే అన్నాను. ఆ గురువారం ఇరవై రెండేళ్ళ తర్వాత వచ్చింది.

ఆవిడ పేరు డోరిస్. ట్రెక్కింగ్ కంపెనీ ఆమెదే. అందులో గైడు, వంటమనిషి, డ్రైవరు కూడా ఆమే. ఆమెకు తెలుగు రాదు కాబట్టి ఆమె అన్నవన్నీ నేనే తెలుగులో పెడుతున్నాను. ఎక్కువ కష్టం లేదు, ఆమె మాట్లాడేదే తక్కువ.

మొదటి నెలలో నేను ఊరేగింపులో జెండా పట్టుకున్నవాడిలా అందరికంటే ముందు నడిచేవాణ్ణి. ఒక రోజు మలుపు తిరిగి చూస్తే వెనక ఎవరూ లేరు. కాసేపటికి డోరిస్ ఒక్కతే వచ్చింది.

"నువ్వు ఎవరికి గైడువి?"

"వీళ్ళకే."

"వీళ్ళెక్కడ?"

ఖాళీ దారివైపు చూశాను. "అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషిని ముందు పెట్టు. గుంపు ఆ మనిషి నడకనే నడవాలి" అని చెప్పి వెనక్కి వెళ్ళిపోయింది.

వినడానికి తేలిగ్గానే ఉంది కదా. మనవాళ్ళతో చేసి చూడండి. నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందుకు రమ్మంటే రాడు. "మీరు పదండి, నేనొస్తా" అంటాడు. విస్తట్లో రెండోసారి కూర వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టే మొహమాటమే అది. పెళ్ళి భోజనంలో దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కొండ మీద అది మనిషిని ముంచుతుంది.

మధ్యలో రెండు సీజన్లు ఇంకొక బాసు దగ్గర కూడా పనిచేశాను. పేరెందుకులెండి. ఆయనకు శిఖరం మీద ఫొటో కావాలి, అందులో జనం ఏడుపు మొహాలతో ఉన్నా ఫరవాలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఒక్కటే. సగం దారిలో వెనక్కి తిరిగిన గుంపును ఎవరూ ఫొటో తియ్యరు. అందుకే అది ఎంత గొప్ప పనో ఎవరికీ తెలియదు.

ప్రసాద్ గారి జిప్పు

నా తప్పుల్లో పెద్దది ఇది. పెద్దవాటిలో ఒకటి అనడం సబబు.

ప్రసాద్ గారు హైదరాబాదు నుంచి అమెరికా మీదుగా కెనడా వచ్చి బ్రాంప్టన్‌లో స్థిరపడ్డ ఐటీ మనిషి. మంచి మర్యాదస్థుడు. పన్నెండు మంది గుంపులో తెలుగువాడు ఆయనొక్కడే కావడంతో నేను మురిసిపోయి పక్కనే నడిచాను. ఆయన జీన్స్ ప్యాంటు వేసుకొచ్చారు. కాటన్ తడిస్తే ఒంట్లో వేడిని పీల్చేస్తుందని నాకు తెలుసు. మార్చుకోండి అనడానికి మొహమాటపడ్డాను. పది గంటలకు సన్నగా వాన మొదలైంది.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"పర్లేదండీ."

ఇంకో గంటకు, "చలేస్తోందా?"

"పర్లేదండీ, మీరు కానివ్వండి."

మళ్ళీ కొంతదూరం పోయాక, "పోనీ వెనక్కి వెళ్దామా?"

"అయ్యో, నా ఒక్కడి కోసం అందరికీ ఇబ్బందెందుకండీ. పర్లేదు."

చివర నడుస్తున్న డోరిస్ నా పక్కకొచ్చింది. "ఆయన జాకెట్ జిప్పు చూడు. పది నిమిషాల నుంచి పెట్టుకుంటూనే ఉన్నాడు" అంది.

చూశాను. వేళ్ళు కర్రల్లా ఉన్నాయి. జిప్పు అంచు రెండో అంచులోకి దూరడం లేదు. ఆయన దానివైపు చిరునవ్వుతో చూస్తున్నారు, అది ఇంకెవరి జాకెట్టో అన్నట్టు. ఒంట్లో వేడి తగ్గిపోతే ముందు వేళ్ళు పోతాయి, తర్వాత మాట, ఆ తర్వాత ఆలోచన. ఆ మూడో మెట్టు దగ్గర మనిషికి తను బాగానే ఉన్నానని గట్టి నమ్మకం కలుగుతుంది. అందుకే ఆ నమ్మకాన్ని మనం నమ్మకూడదు.

తడి బట్టలు తీయించి, స్లీపింగ్ బ్యాగులో చుట్టి, వేడి పంచదార నీళ్ళు గుక్క గుక్కగా తాగించాం. గంటన్నరకు ఆయన నోట్లోంచి స్పష్టంగా వచ్చిన మొదటి మాట, "సారీ అండీ, మీకు ట్రబుల్ ఇచ్చాను."

ఆ సాయంత్రం డోరిస్ నన్ను తిట్టలేదు. "నువ్వు ఆయన్ని ప్రశ్న అడిగావు. మర్యాదస్థుణ్ణి అడిగితే మర్యాదైన జవాబే వస్తుంది. పని చెప్పి చూడాలి. పని అబద్ధం చెప్పదు" అంది.

ఆమె మాత్రం తనవాళ్ళ చేత వందనుంచి ఏడేసి తగ్గిస్తూ లెక్క చెప్పించేది. మనవాళ్ళకు అది పనికిరాదు. మన ఇంజనీర్లు నిద్రలో కూడా చెప్పేస్తారు. నెల రోజులు ఆలోచించి నేను వేరే పరీక్ష కనిపెట్టాను. అనుమానం వచ్చిన మనిషి దగ్గరికి వెళ్ళి, "పులిహోర ఎలా చేస్తారండీ?" అని అడగాలి.

నవ్వకండి. పులిహోరకు ఒక వరస ఉంది. బియ్యం కడగాలి, అన్నం వండి ఆరబెట్టాలి, పసుపు, నూనె కలపాలి, చింతపండు పులుసు దగ్గరికి ఉడికించాలి, పోపు పెట్టాలి, కలపాలి. వండడం రానివాడికి కూడా ఈ వరస తెలుసు, చిన్నప్పటినుంచి వంటింటి గుమ్మంలో నిలబడి చూసి ఉంటాడు. వరస తప్పిందంటే తల పనిచెయ్యడం మానేస్తోందన్న మాట. ఆ పరీక్షలో రెండో భాగం ఇంకా ముఖ్యం. "ఆవపిండి కూడా వేస్తారా?" అని అడగాలి. ఒంట్లో బాగున్న తెలుగువాడు ఇక్కడ వాదించి తీరతాడు. ఆవపిండి లేనిది పులిహోరే కాదని ఒకడు, వేస్తే చేదొస్తుందని ఒకడు. వాదించాడంటే ఇంకో రెండు మైళ్ళు నడుస్తాడు. సరే అని ఒప్పుకున్నాడంటే అక్కడే ఆగి టార్పాలిన్ కట్టాలి.

ఆ పరీక్ష ఎన్నేళ్ళు వాడినా ఒక్కసారీ తప్పలేదు.

ఏసీ గది కోసం వచ్చినవాళ్ళు

కొండ కింద మా టౌన్లో ఒక కాలేజీ ఉంది. అందులో కొండదారి గైడ్లకు రెండేళ్ళ డిప్లొమా. చాలా ఏళ్ళు చుట్టుపక్కల పిల్లలే చేరేవాళ్ళు. తర్వాత కెనడాకు మన విద్యార్థులు వరదలా వచ్చిన ఏళ్ళు వచ్చాయి. ఒక సెప్టెంబరులో పాఠం చెప్పడానికి వెళ్తే క్లాసులో అయిదుగురు తెలుగు పిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒకడు బ్లేజరు, మెరిసే బూట్లు వేసుకున్నాడు.

అతని పేరు సందీప్, గుంటూరు. "అవుట్‌డోర్ లీడర్‌షిప్ అని ఉంటే మేనేజ్‌మెంట్ కోర్సేమో అనుకున్నానండి. లీడరంటే కుర్చీలో కూర్చునేవాడే కదండి" అన్నాడు.

అతని పక్కన రవళి. జగిత్యాల దగ్గర పల్లె. "కన్సల్టెన్సీ ఆయన టూరిజం అంటే ఏసీల కూసొని టికెట్లు బుక్ చేసుడే అన్నడు అంకుల్. సీటు జల్ది వస్తదన్నడు. నేను ఇంగ ఏం అడగలే."

మొదటి వారం వాళ్ళను ఒక చిన్న కొండ ఎక్కించాను. పైకొచ్చాక రవళి చుట్టూ చూసింది.

"మా ఊళ్ళె గుట్ట ఎక్కితె పైన గుడి ఉంటది. ఈడ ఎక్కినంక ఏముంటది అంకుల్?"

"ఇంకో కొండ."

"అది ఎక్కితె?"

"దాని వెనక ఇంకోటి."

"మరి ఎందుకు ఎక్కుడు?" అంది. ఈ వృత్తి గురించి ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు.

ఆ అమ్మాయి నడక చూస్తే ముచ్చటేసేది. అడుగు వృథా చేసేది కాదు. మబ్బు చూసి గాలి చెప్పేది. లోపం ఒక్కటే, ఎవరికీ వద్దని చెప్పలేకపోయేది. రెండో ఏడు ఏప్రిల్ పరీక్షలో ఆ రోజు గుంపుకు లీడరు రవళి. కాలేజీ తరఫున పరీక్ష పెట్టేది డోరిస్. సందీప్ తనకు అడ్డదారి తెలుసంటూ మలుపు దగ్గర పక్కకు తిరిగాడు. అది తప్పని రవళికి తెలుసు. నోరు విప్పలేదు. పావుగంటలో అందరూ నడుము లోతు మంచులో కూరుకుపోయారు.

డోరిస్ ఫెయిల్ చేసింది. సందీప్‌ను కాదు, రవళిని.

"ఎందుకు ఆపలేదమ్మా?" అని అడిగాను.

"అన్న నాకంటె పెద్దోడు గద అంకుల్. ఎట్ల చెప్త?"

ఇంకొక్క అవకాశం ఉంది, సెప్టెంబరులో. అది కూడా పోతే డిప్లొమా లేదు. డిప్లొమా లేకపోతే వర్క్ పర్మిట్ లేదు. "గప్పుడు ఇంగ ఇంటికి పోవుడే" అంది రవళి. ఆ మాట మామూలుగానే అంది, కానీ అంటున్నంతసేపూ బూటు లేసు ముడి విప్పి కట్టి, విప్పి కట్టి చేస్తూనే ఉంది.

మూడు ఊళ్ళు, ఒక కోడి

ఆ సెప్టెంబరు పరీక్ష నాలుగు రోజుల ట్రెక్కు. నడిపించడానికి గుంపు కావాలి కాబట్టి రవళి తోటి పిల్లలూ వచ్చారు. మూడు కొండ ఊళ్ళు, మధ్యలో రెండు శిఖరాల నడుమ దాటే ఒక కనుమ. ఒకప్పుడు గని పని కోసం కట్టిన ఊళ్ళు అవి. గనులు మూతపడ్డాక మొండిగా మిగిలిపోయినవాళ్ళు ఇంకా అక్కడే ఉంటున్నారు. అసలు పేర్లు పలకలేక మన పిల్లలు సొంత పేర్లు పెట్టారు. బండి దారి ఆగిపోయే చోటి చెక్క ఇళ్ళ ఊరు చెక్కూరు. దాని పైన, ఏ పొద్దున చూసినా పొయ్యిల పొగ కప్పుకుని తొమ్మిది ఇళ్ళు, అది పొగూరు. కనుమ దాటి దిగితే అవతలూరు.

ఆ లోయలో ఒక ఆచారం ఉంది. కనుమ దాటేవాళ్ళు ఉత్త చేతులతో దాటకూడదు. అవతలి ఊరికి కావలసినది ఏదో ఒకటి మోసుకెళ్ళాలి. ఒకసారి తలుపు బందులు, ఒకసారి విత్తనపు బంగాళాదుంపలు, ఒకసారి ఒక పెద్దాయన కట్టుడు పళ్ళు. ఈసారి కోడి. అవతలూరి ముసలావిడ కోళ్ళను నక్క ఎత్తుకుపోయిందట. పొగూరులో మాకు చోటిచ్చే వాల్ట్ అనే తాత తన పెట్టల్లో ఒకదాన్ని బుట్టలో పెట్టి మాకిచ్చాడు. అది అందరినీ ఒక కంటితో అనుమానంగా చూస్తుంటే పిల్లలు దానికి ఎగ్జామినర్ అని పేరు పెట్టారు. అసలు ఎగ్జామినర్ డోరిస్ పక్కనే ఉంది. తెలుగు రాకపోయినా ఆ ఒక్క మాటా అర్థమై కోడివైపు గౌరవంగా చూసింది.

ఎలుగుబంటి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వాసన వచ్చే తిండి ఏదైనా రాత్రికి డేరాలకు దూరంగా ఇనప్పెట్టెలో పెట్టాలి. మొదటి రోజు రాత్రి సందీప్ ఇంగువ డబ్బా మరిచిపోయి సంచిలోనే ఉంచాడు. తెల్లవారుతుండగా ఎలుగుబంటి వచ్చి సంచిలో మూతి పెట్టింది. మూడుసార్లు తుమ్మింది. మమ్మల్ని ఒకసారి నిందగా చూసి వెళ్ళిపోయింది. ఒక్కటే ఎలుగుబంటి. ఒట్టు.

మూడో రోజు కనుమ. ఆ రోజు లీడరు రవళి.

కనుమ కింద

పొద్దున పొగూరులో బయలుదేరేటప్పటికే చిన్న తప్పు జరిగింది. హారిక అనే అమ్మాయి చేతి తొడుగులు వాల్ట్ పొయ్యి మీద ఆరబెడితే కరిగిపోయాయి. సందీప్ తన పొడి తొడుగులు తీసి ఆమెకిచ్చేశాడు. పైగా కోడి బుట్ట కూడా తానే తగిలించుకున్నాడు. గొప్పకు పోయే మనిషి. రెండు బరువులతో ఎక్కి చెమటలు కక్కాడు, లోపలి బట్టలు తడిసిపోయాయి. చెట్లు అయిపోయి రాళ్ళు మొదలయ్యాక గాలి తిరిగింది. వాన మంచుతో కలిసి మొహాన కొట్టింది.

రవళి నేర్పినట్టే చేసింది. నెమ్మదిగా నడిచే అమ్మాయిని ముందు పెట్టింది. పది నిమిషాలకోసారి ఆగి ప్రతి మొహమూ చూసింది. కనుమ మీది రాళ్ళ గుట్ట కనిపిస్తోంది, ఇంకో రెండు వందల అడుగులు. అక్కడ ఆగినప్పుడు బుట్ట పట్టీ బకిల్ దగ్గర తడుముకుంటున్న వేళ్ళు ఆమె కంట పడ్డాయి. బకిల్ బాగానే ఉంది, వేళ్ళే దాన్ని పట్టుకోలేకపోతున్నాయి. అరగంటగా ఆ నోటినుంచి ఒక్క జోకు కూడా రాలేదు.

డోరిస్ చూసింది, ఏమీ అనలేదు. పరీక్ష పెట్టేవాళ్ళు అనకూడదు. నా వైపు నుంచి కూడా ఏ సాయమూ అందలేదు.

రవళి దగ్గరికొచ్చింది. బాగున్నావా అని అడగలేదు.

"పులిహోర ఎట్ల చేస్తరు?"

"ఇప్పుడెందుకు?"

"నాకు రాదు. చెప్పుండ్రి."

"పోపు పెట్టాలి. పెట్టి... చింతపండు. అందులో అన్నం. కలిపి..." కొంచెంసేపు మాట ఆగింది. "తర్వాత బియ్యం కడగాలి."

రవళి ఇంకో అడుగు ముందుకు వేసింది.

"ఆవపిండి వేస్తరా?"

"వేస్తే వేద్దాం."

రవళి మొహం మారిపోయింది. వెనక్కి తిరిగి, "ఈడనే ఆగుతున్నం" అంది అందరితో.

"పర్లేదు. కనుమ అదిగో. ఇప్పుడు ఆగితే నీ పరీక్ష పోతుంది."

"పోతె పోనీ. కూసోండ్రి."

"పర్లేదంటున్నాగా."

"నేను అడుగుత లేను. చెప్తున్న. కూసోండ్రి."

ఆ గొంతు అంతకుముందు ఎవరూ వినలేదు. బహుశా ఆమె కూడా.

అయిదు నిమిషాల్లో పెద్ద బండ చాటున టార్పాలిన్ కట్టించింది. హారిక స్టవ్ వెలిగించింది. తడి బట్టలు తీయించి పొడివి తొడిగి స్లీపింగ్ బ్యాగులోకి దూర్చారు. అప్పుడు రవళి ఒక క్షణం ఆలోచించి, బుట్టలోంచి కోడిని తీసి అదే బ్యాగులో పొట్ట మీద పెట్టింది. "కోడి ఒంట్ల మనకంటె ఎక్కువ వేడి ఉంటది. మా నాయినమ్మ చెప్పేది" అంది. కోడి మొదట అవమానంగా చూసింది, తర్వాత సర్దుకుని పడుకుంది.

పంచదార నీళ్ళు గుక్క గుక్కగా లోపలికి వెళ్ళాయి. ముప్పావుగంట తర్వాత స్లీపింగ్ బ్యాగులోంచి, "ఆవపిండి వేస్తే చేదొస్తుంది, ఎవరు చెప్పారు వెయ్యమని" అని వినిపించింది. పిల్లలంతా ఒక్కసారిగా నవ్వారు. హారిక ఏడ్చింది కూడా.

రెండు గంటలకు గాలి కొంచెం తగ్గింది. కనుమ అక్కడే ఉంది. ఎక్కేయొచ్చు అనిపించేంత దగ్గర. రవళి దానివైపు చాలాసేపు చూసింది. ఆ చూపులో డిప్లొమా ఉంది, వర్క్ పర్మిట్ ఉంది, జగిత్యాల బస్టాండు కూడా ఉండి ఉంటుంది. తర్వాత సంచి భుజానికెత్తి, "పొగూరుకు పోదాం" అంది.

మర్నాడు

వాల్ట్ తాత తలుపు తీసి, మమ్మల్ని లెక్కపెట్టి, కోడిని కూడా లెక్కపెట్టి, పొయ్యిలో ఇంకో మొద్దు వేశాడు. ఏమైందని అడగలేదు. అటువంటివాళ్ళ ఇళ్ళను గుర్తుపెట్టుకోండి, మ్యాపులో వాటికి గుర్తులుండవు.

మర్నాడు ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. పదకొండు గంటలకల్లా కనుమ మీద ఉన్నాం. అటు చూస్తే అవతలూరి కప్పులు అగ్గిపెట్టెల్లా, వాటి వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ. పిల్లలు అరిచిన అరుపులు రెండుసార్లు తిరిగొచ్చాయి. సందీప్ సంచి అడుగునుంచి బ్లేజరు తీసి తొడుక్కున్నాడు. నాలుగు రోజులు మోశాడు దాన్ని, ఈ ఒక్క ఫొటో కోసం.

కోడికి నీళ్ళు పెడదామని బుట్ట తెరిస్తే గుడ్డు ఉంది. ఆ ఎత్తున గుడ్డు పెట్టిన కోడి ఆ లోయలో ఇంకోటి లేదని నా వాదన.

రవళి మాత్రం పక్కన రాయి మీద కూర్చుంది. డోరిస్ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"మేడమ్, ఒక రోజు లేటయింది. ఐ నో ఐ ఫెయిల్డ్" అంది రవళి.

"నిన్న మధ్యాహ్నమే పాసయ్యావు. ఇవాళ ఊరికే నడిచావు" అంది డోరిస్.

రవళికి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. "అంకుల్, ఆమె ఏమన్నది, మల్ల చెప్పుండ్రి" అని నన్నడిగింది. తెలుగులో చెప్పాను. ఇంకోసారి చెప్పమంది. మూడుసార్లు చెప్పించుకుంది.

అవతలూరి ముసలావిడ కోడిని చూసి, గుడ్డును చూసి, "ఒకదాన్నే పంపిస్తానన్నాడే" అంది.

ఇప్పుడు డోరిస్ వ్యాన్ నడిపేది రవళే, కంపెనీ కూడా. సందీప్ హాలిఫాక్స్‌లో జనాన్ని సముద్రం మీద పడవల్లో తిప్పుతున్నాడు. బ్లేజర్లోనేనట.

ఒట్టు సంగతి

ఇప్పుడు మోకాలి సంగతి తేల్చాలి. ఇందులో ఒకటి నేను కల్పించాను.

కోడి అనుకుంటున్నారు మీరు. కోడి నిజం, గుడ్డూ నిజం. ఎలుగుబంటి మూడుసార్లు తుమ్మడం కూడా నిజమే, డోరిస్‌ను అడగండి. రైలు నన్ను వదిలేసి పోవడం నిజం.

కల్పించింది సందీప్‌ను. అంటే సందీప్ ఉన్నాడు, బ్లేజరూ ఉంది, ఏప్రిల్లో అడ్డదారి తొక్కించిందీ అతనే. కనుమ కింద స్లీపింగ్ బ్యాగులో ఉన్నది మాత్రం అతను కాదు.

హారికకు తొడుగులిచ్చింది నేను. యాభై ఏడేళ్ళవాణ్ణి, పిల్లల ముందు గొప్పకు పోయి కోడి బుట్ట తగిలించుకుంది నేను. బకిల్ పట్టుకోలేకపోయినవి ఈ వేళ్ళే. పులిహోరలో చివర బియ్యం కడగమన్నది దాన్ని పరీక్షగా కనిపెట్టినవాడే. ఆ రోజు రవళి ఆపింది తోటి విద్యార్థిని కాదు, రెండేళ్ళు తనకు పాఠం చెప్పినవాణ్ణి, అంకుల్ అని పిలిచేవాణ్ణి. "ఇప్పుడు ఆగితే నీ పరీక్ష పోతుంది" అని ఆ పిల్లను బెదిరించింది నేను. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు. డోరిస్ తర్వాత చెప్పింది, ఇంకో అయిదు నిమిషాలు చూసి తానే ఆపేదాన్నని. రవళికి మూడు నిమిషాలే చాలాయి.

ఆ సీజన్ చివర నేను మానేశాను. మోకాలి వల్ల అని అందరికీ చెప్పాను. మోకాలు కూడా ఒక కారణమే.

పేరు వాడుకోవచ్చా అని సందీప్‌కు ఫోన్ చేశాను. "పెట్టుకోండి అంకుల్. కానీ గుంటూరోడు ఆవపిండికి సరేనన్నాడంటే ఎవరూ నమ్మరు, దొరికిపోతారు" అన్నాడు. రాసింది రవళికి చదివి వినిపించాను. మొత్తం విని, "ఇన్ని పేజీల సంది పర్లేదు, పర్లేదు అనే అంటున్నరు అంకుల్" అంది. అందుకే ఈ చివరి భాగం రాశాను.

ఆమె నేర్చుకున్నది నా దగ్గరేనని చెప్పుకుంటాను. నన్ను కూర్చోబెట్టడం మాత్రం ఆమె సొంతంగా నేర్చుకుంది. ఇరవై రెండేళ్ళలో నాకు ఇంతకంటే పెద్ద గెలుపు లేదు. ఆ గెలుపు నాకు తెలిసొచ్చింది పొట్ట మీద కోడితో పడుకున్నప్పుడు.

ముందు బియ్యం కడగాలి. తర్వాత అన్నం వండి ఆరబెట్టాలి. ఆవపిండి వెయ్యకూడదు, ఎవరేమన్నా సరే.